ఆనందరాయరు తెలుగు, మిర్యాలగూడ ప్రార్థన

ఆ మధ్య సూర్యాపేటలో జరిగిన ఒక గోష్ఠిలో, ఒక యువకవి కవితను "ఇది బైబిలు తెలుగు" అని మిత్రుడొకరు కొట్టిపారేశారు. సభ నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక సిగ్గనిపించింది. ఆ మాటను ఇన్నేళ్లుగా తిట్టుగా వాడుతున్న మనం, ఆ తెలుగు ఎవరు రాశారో, ఎవరి చెవి కోసం రాశారో విచారించామా?

జర్మనీ నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1732 నాటికి బైబిలును తెలుగు చేశాడు. అది అచ్చు కాలేదు. అతని చిన్న మతగ్రంథాలు మాత్రం 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. తొలి తెలుగు అచ్చు పుస్తకాలుగా చరిత్రకారులు చెప్పేవి ఇవే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం చేరారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు అనువాదంలో వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో మరణించారు. మూడు సువార్తలు 1812లో సీరాంపూరులో అచ్చయ్యాయి. కీర్తి డెగ్రాంజ్‌ది. ఆనందరాయరు చరిత్రలో ఒక సహాయకుడు, అంతే.

ఇథియోపియాలో ఇదే కథ వేరుగా నడిచింది. అక్కడ చర్చి భాష గీజ్. జనం నోట ఉన్నది అమ్హారిక్. అబూ రూమీ అనే ఇథియోపియా సన్యాసి కైరోలో ఫ్రెంచి ప్రతినిధి అసెలిన్ పూనికతో ఏళ్ల తరబడి కూర్చొని బైబిలును అమ్హారిక్‌లోకి తెచ్చాడు. ఆ రాతప్రతిని 1820లో విలియం జోవెట్ బ్రిటిష్ బైబిలు సొసైటీ కోసం కొన్నాడు; 1840 నాటికి బైబిలు మొత్తం అచ్చయింది. కొన్నవాడు పాదిరీయే అయినా అనువాదకుడిగా అబూ రూమీ పేరు నిలిచింది. (అమ్హారిక్ తొలి నవల, అఫెవర్క్ రాసినది, 1908లో రోములో అచ్చయింది. పుట్టిన ఊళ్లో అచ్చుకు నోచుకోని భాష మనదొక్కటే కాదు.)

పాదిరీలు మతం మార్చడానికే వచ్చారు. అందులో దాపరికం లేదు. సామ్రాజ్యం నీడ కూడా నిజమే, 1813 దాకా కంపెనీ వారిని అనుమానంగానే చూసినా. అయితే నా ఫిర్యాదు అది కాదు. వాక్యం వినవలసినవాడు మాల, మాదిగ. వాక్యం కట్టినవాడు పండితుడు. అందుకే "వచ్చెను", "చెప్పెను" వచ్చి కూర్చున్నాయి. కృప, రక్షణ, ఆత్మ వంటి మాటలు ఏ గుడి గడప అతన్ని తొక్కనివ్వలేదో ఆ గుడి భాష నుంచే అతనికి దిగివచ్చాయి. దీన్ని ఒక్క పాదిరీల నేరంగా చూపడం అన్యాయం. గిడుగు వారి ఉద్యమం గ్రాంథికాన్ని కూల్చింది, గొప్ప పని చేసింది. కాని నిలబెట్టిన "శిష్ట వ్యావహారికం"లోనూ "ఒచ్చిండు"కు చోటు లేకపోయింది.

నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండలో బాప్టిస్టు మిషన్ నెలకొల్పాక, ఈ ప్రాంతపు దళితవాడల్లో ఎన్నో కుటుంబాలకు చేతికందిన మొదటి తెలుగు పుస్తకం బైబిలే. అప్పటి కృష్ణా జిల్లా సరిహద్దున ఉన్న కోదాడలో ఆ భాష కొంత దగ్గరగా వినిపించి ఉండవచ్చు. సూర్యాపేట, మిర్యాలగూడ పల్లెల్లో అది పరాయిదే. మరి వాళ్లు దాన్నేం చేశారు? మన గద్య చరిత్రలు అడగని ప్రశ్న ఇది. భూస్వామ్యాన్ని ఎదిరించిన ఈ నేల గురించి అంత రాసిన మనమూ అడగలేదు.

మిర్యాలగూడ దగ్గర ఒక పల్లెలో చదువురాని ఒక ముసలామె ప్రార్థన విన్నాను. "కృపగల తండ్రీ, జర మా దిక్కు సూడు" అంది. మొదటి సగం ఆనందరాయరు తెలుగు, రెండో సగం ఆమెది. అతుకు ఎక్కడా కనపడలేదు.

సూర్యాపేట యువకవి కవితలో మేం నవ్వింది సరిగ్గా ఇలాంటి వాక్యానికే. అతను దాన్ని దిద్దలేదని తర్వాత తెలిసింది.