అనుమానించదగ్గ ముఖం

నౌపడ ఉప్పుమడుల్లో ఏడుగురు డిగ్రీ విద్యార్థులు కలిసి తీసిన 12 నిమిషాల సినిమాని మేము మూడుసార్లు చూశాం. మొదటిసారి భయపడ్డాం. రెండోసారి అలా భయపడినందుకు సిగ్గుపడ్డాం. మూడోసారి వాళ్ల పక్కనే కూర్చుని, ఏ ముక్క పక్కన ఏ ముక్క అతికించారో విప్పి చూశాం. పిల్లలు సరదాకి తీసుకున్న థ్రిల్లర్ మీద ఇంత రాయాలా అని అడిగేవాళ్లుంటారు. రాయాలనే మా అభిప్రాయం. పెద్ద సినిమాలో స్టారు, డబ్బు, పాటలు అడ్డుపడి కనబడకుండా పోయే కులం, చిన్న సినిమాలో దాచుకోడానికి చోటు లేక బయటపడిపోతుంది.

కథ ఇంతే. తెల్లవారుజామున మడిగట్టు మీద ఒక శవం. చనిపోయినవాడు పలాస జీడిపప్పు వ్యాపారి కొడుకు. రాత్రి అతనితో ఉన్న స్నేహితులు ముగ్గురు. వీళ్లు కాక ఉప్పుపని చేసే ఒక కుర్రాడు ఆ చుట్టుపక్కల తచ్చాడుతూ కనిపిస్తాడు. సినిమా 9 నిమిషాల పాటు ఆ కుర్రాడి వెంట పడుతుంది. అతన్ని తరుముతారు, పట్టుకుంటారు, చెంప మీద కొడతారు. చివరి నిమిషంలో హంతకుడు స్నేహితుల్లోనే ఒకడని తేలుతుంది. కుర్రాడు నిర్దోషి. ఇందులో తప్పేముంది, దళితుణ్ణి మంచివాడుగానే చూపించాం కదా సార్ అని విద్యార్థులు మమ్మల్నడిగారు. నిజాయితీగానే అడిగారు.

మా జవాబు లెక్కలో ఉంది. అనుమానానికి 9 నిమిషాలు, నిర్దోషిత్వానికి 1 నిమిషం. ఆ తొమ్మిదింటిలో కుర్రాణ్ణి అనుమానించడానికి కథలో ఒక్క కారణం లేదు. పగ లేదు, ఆయుధం లేదు, దొంగతనం లేదు. అయినా చూస్తున్న మేము, పేటల్లో పుట్టి పెరిగిన మేము కూడా, వాడే చంపుంటాడని అనుకున్నాం. కథ ఇవ్వని కారణాన్ని మేమే ఇంటినుంచి తెచ్చుకున్నామన్న మాట. చిరిగిన బనీను, నల్లటి ఒళ్లు, వేళకాని వేళలో నడక. థ్రిల్లర్ అనేది ప్రేక్షకుడి దగ్గర ముందే ఉన్న సరుకుతో నడిచే వ్యాపారం. ఆ సరుకు ఎవరు పోగేశారన్నది విమర్శకులు అడగాల్సిన ప్రశ్న.

తెలుగు సినిమాకి ఈ సరుకు కొత్తది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని కులాల్లో పుట్టడమే నేరమని రాశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. 1952లో చట్టం రద్దయింది గానీ పేర్లు పోలేదు. ఎరుకల వాళ్లని తెచ్చి కూర్చోబెట్టిన స్టువర్టుపురం పేరు వింటే చాలు దొంగ అనే మాట దానంతటదే వస్తుంది. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి సినిమా ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. మధ్య 32 ఏళ్లు. ఊరు పేరే సస్పెన్సుగా పనికొస్తోంది. మన విద్యార్థులు ఈ రెండూ చూసి నేర్చుకున్నారని కాదు. గాలిలో ఉన్నదాన్ని పీల్చుకోడానికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అదే రకం ముద్రపడిన పార్థీ పిల్లవాడి మీద నాగరాజ్ మంజుళే తీసిన ‘పిస్తుల్యా’ కూడా విద్యార్థి సినిమానే. అహ్మద్‌నగర్ కాలేజీలో చదువుకుంటూ తీశాడు. 2010 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో దానికి తొలిచిత్ర దర్శకుడి పురస్కారం దక్కింది. అందులో పిల్లవాడికి బడి కావాలి, బతుకు దొంగతనం వైపు నెడుతుంది. దొంగ ఎవరన్నది అక్కడ ప్రశ్న కాదు. దొంగ ఎలా తయారవుతాడన్నది ప్రశ్న. చేతిలో ఉన్న సాధనాలు ఇంచుమించు ఒకటే, అడిగిన ప్రశ్న వేరు.

ఇక పని పంపకం సంగతి. మంచి ఫోనున్నవాడు కెమెరామన్ అయ్యాడు. ల్యాప్‌టాప్ ఉన్నవాడు ఎడిటర్. మోటారు సైకిలున్నవాడు ప్రొడక్షన్. కథ చెప్పగలిగినవాడు డైరెక్టర్. మిగిలినవాళ్లలో ఇద్దరు మాలపేట కుర్రాళ్లు. ఒకడు ఎండలో థర్మోకోల్ షీటు పట్టుకుని వెలుతురు తిప్పాడు, రెండోవాడు అనుమానితుడి వేషం వేశాడు. ‘వాడికి బాగా సూటవుతాది సార్’ అన్నారు. ఎవరూ కులం అడగలేదంటున్నారు. నిజమే, అడగలేదు. అడగక్కర్లేకుండానే పంపకం జరిగిపోయింది. ఎవరింట్లో ల్యాప్‌టాప్ ఉంటుంది, ఎవరి ముఖం దొంగకి సరిపోతుంది అన్నవి ఈ సినిమా కంటే ముందే తేలిపోయి ఉన్నాయి. సమష్టి కృషి అని టైటిల్స్‌లో వేసుకున్నారు. పేర్లు అక్షర క్రమంలో వేసినంత మాత్రాన సమష్టి రాదు.

సమష్టి అంటే ఏమిటో మన దగ్గరే జరిగిన పనుల్ని చూస్తే తెలుస్తుంది. 1983లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి యుగాంతర్ బృందం ‘ఇది కథ మాత్రమేనా’ తీసింది. ఇంట్లో హింస మీద, బయట స్త్రీలు మాట్లాడుకున్నదాంట్లోంచి పుట్టిన చిన్న కథాచిత్రం. మాకు అంతకంటే దగ్గరగా తోచేది జహీరాబాద్ ప్రాంతం పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది అక్షరం రానివాళ్లు, 1990ల చివర కెమెరా నేర్చుకున్నారు. చిత్రీకరణా వాళ్లదే, కూర్పూ వాళ్లదే. వరంగల్ పత్తి రైతుల్ని బీటీ విత్తనం ఏం చేసిందో సంవత్సరాల తరబడి వెంటపడి తీశారు. వాళ్లు షాట్లకి పెట్టుకున్న పేర్లు ఏ ఫిల్ము పాఠ్యపుస్తకంలోనూ లేవు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కళ్లకి కళ్లు సమంగా ఉండేది సంఘం షాట్. కెమెరా ఎత్తు అంటే కులం ఎత్తు అని రెండు మాటల్లో తేల్చేశారు.

ఈ కొలబద్ద పట్టుకుని నౌపడ సినిమా చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. ఉప్పు నేల చదునుగా ఉంటుంది. ఎత్తు కావాలంటే మేడ లేదు, చెట్టు లేదు. పిల్లలు ఏం చేశారంటే, తాటాకు కప్పిన ఉప్పు కుప్ప మీదికెక్కి పరుగెత్తే కుర్రాణ్ణి పైనుంచి తీశారు. విశాలమైన తెల్లటి నేల మీద చీమలాంటి మనిషి. షాటు అందంగా ఉంది, కాదనం. కానీ కూలీలు ఎండలో లాగి పోసిన ఉప్పు మీద నిలబడి, ఉప్పుకూలీ వేషం వేసినవాణ్ణి చీమని చేసి చూడటం! వ్యాపారి స్నేహితుల్ని మాత్రం మూడుచోట్లా నేలమీద నిలబడి, కళ్ల ఎత్తులోనే తీశారు.

అసలు దెబ్బ కూర్పులో ఉంది. 1920 ప్రాంతాల్లో రష్యాలో కులెషోవ్ ఒకే నటుడి ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన అతికించి చూపాడని, జనం ఒకే ముఖంలో ఒకసారి ఆకలినీ ఇంకోసారి దుఃఖాన్నీ చూశారని చెబుతారు. నౌపడ సినిమా నాలుగో నిమిషంలో మూడు ముక్కలున్నాయి. శవం. కుర్రాడి ముఖం. కుర్రాడి చేతులు. అరచేతుల నిండా నల్లటి మచ్చలు, వేళ్ల కొసల్లో తోలు లేచిపోయి ఉంది. కింద దడదడమని మ్యూజిక్. ఇక్కడే మేము మొదటిసారి భయపడింది.

ఆ ముఖం ఎప్పుడు తీశారని అడిగాం. జవాబు ఎడిటర్ చెప్పలేదు. వేషం వేసిన కుర్రాడే చెప్పాడు. ‘నానప్పుడు మాయమ్మొచ్చే బండి కోసం సూస్తన్నాను సార్. ఆల్ల ఫోను సార్జింగయిపోతే కూకున్నాం.’ నౌపడ జంక్షన్ అప్పుడు వెనకాలే ఉంది. పర్లాకిమిడి చిన్నరైలు 1900లో మొదలైంది అక్కణ్ణుంచే. 2004లో ఆగిపోయి తరవాత పెద్ద పట్టాల మీద మళ్లీ నడిచింది. తల్లి పలాసలో జీడిపిక్కలు కొట్టి సాయంత్రం బండికి వస్తుంది. కొడుకు సెలవుల్లో ఆమెతో పోతాడు. ఆ చేతి మచ్చలు జీడిసొనవి. పిక్క పెంకులోంచి వచ్చే ఆ సొన తగిలితే చర్మం కాలుతుంది, నల్లబడుతుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా పూర్తిగా ఆగదు.

ఏడుగురిలో ఒక్కరికీ తట్టని విషయం ఇది. చనిపోయినవాడు జీడిపప్పు వ్యాపారి కొడుకు. హంతకుడి గుర్తుగా చూపించిన మచ్చ ఆ వ్యాపారం వేసిన మచ్చ. కథంతా ఆ రెండింటి మధ్యే ఉంది, ఉద్దానంలో ప్రతి ఇంటికీ తెలుసు, సినిమాకి తెలీదు.

వీళ్లంతా కరుణకుమార్ ‘పలాస 1978’ చూసినవాళ్లే. 2020 మార్చిలో వచ్చిన ఆ సినిమా ఈ ప్రాంతపు కళాకారుల కులంలోని అన్నదమ్ముల కథ, షావుకార్లు వాళ్లని ఎలా వాడుకున్నారో, కత్తి వాళ్ల చేతికెలా వచ్చిందో చెప్పిన కథ. రెండో సగంలో రక్తం ఎక్కువై ఆలోచన వెనకబడిందని మాకో ఫిర్యాదుంది. అది అలా ఉంచండి. మన విద్యార్థులు దాన్నుంచి కత్తీ, స్లోమోషనూ తీసుకున్నారు. షావుకారుని వదిలేశారు. వాళ్ల థ్రిల్లర్‌లో వ్యాపారి ఒక ఏడ్చే తండ్రి మాత్రమే.

ఇదే సంతబొమ్మాళి మండలంలో 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. కేసులు మళ్లీ ఊరి జనం మీదే నడిచాయి. అనుమానం ఎటు పారుతుందో ఈ నేలకి బాగా తెలుసు. ఈ పిల్లలు అప్పటికి పసివాళ్లు, వాళ్లని నిందించి లాభం లేదు. వాళ్లకి చెప్పాల్సినవాళ్లం చెప్పలేదు.

ఆ రాత్రి ఎడిటింగ్ దగ్గర చాలాసేపు వాదన జరిగింది. మ్యూజిక్ తీసేసి చూశాం. నేరం సగం పోయింది. ముఖం పక్కన శవం తీసి రైలు పట్టాలు పెట్టాం. వాడు కొడుకైపోయాడు. ఎడిటర్ కుర్రాడు అయిష్టంగానే అన్నీ మార్చి చూపించాడు గానీ ప్రతిసారీ ఒకటే మాట, ‘సస్పెన్సు పోతాది సార్.’ ఆ మాటలో నిజముంది. దాటవేయం. అనుమానితుడి వేషం వేసిన కుర్రాడు మొదటిసారి మౌస్ పట్టుకుని తనే కూర్చిన కాపీలో మధ్యభాగం సాగింది, తడబడింది. కానీ తరిమే సీనులో అతను ఒక పని చేశాడు. అందరూ కత్తిరించి పారేసిన ముక్క, యాక్షన్ అనకముందు తరిమేవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నవ్వుతున్న ముక్క, దాన్ని అలాగే ఉంచి పరుగుకి అతికించాడు. చూస్తే గుండె జల్లుమంది. ఆ నవ్వు ముందు దడదడ మ్యూజిక్ ఎందుకూ పనికిరాదు.

జీడి సొన సంగతి తెలిశాక మేము ఉత్సాహపడ్డాం. చేతులు, చేతులు అన్నాం. తల్లి చేతుల్ని దగ్గరగా తీసి సినిమా మొదట పెట్టమని సలహా ఇచ్చింది మేమే. ఒక ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్తే లోపలికి రానివ్వలేదు. సరే, ఇంటి దగ్గరే తీద్దామని మరుసటి ఆదివారం సాయంత్రం వాళ్ల పేటకి వెళ్లాం. కెమెరా ఆ రోజు థర్మోకోల్ పట్టినవాడి చేతికిచ్చారు. అతను వంగి ఫోనుని ఆమె ఒళ్లోకి తిప్పాడు. ఆమె చేతులు రెండూ చీరచెంగు కిందికి తీసేసుకుంది.

‘నా సేతులేటి తీత్తారు బాబూ, మొకం తియ్యండి.’

ఏడుగురు పిల్లలూ మా వైపు చూశారు. మా దగ్గర జవాబు లేదు. కూర్పు గురించీ చూపు గురించీ అంతసేపు మాట్లాడిన మేము ఆమెని రెండు చేతులకి కుదించేశాం. శవం పక్కన పెట్టినా, జీడిపిక్కల పక్కన పెట్టినా ముక్క ముక్కే.

అతను గుమ్మంలో కింద కూర్చున్నాడు, ఫోను ఆమె కళ్లకి సమంగా పట్టుకున్నాడు. ఆమె చెంగు సర్దుకుని, జుట్టు సవరించుకుని చూసింది. 40 సెకన్లు ఉంది ఆ షాటు. ఏమీ మాట్లాడలేదు, మధ్యలో ఒకసారి కొడుకుని చూసి నవ్వింది. థ్రిల్లర్‌లో ఆ 40 సెకన్లు ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఏడుగురిలో ఏకాభిప్రాయం లేదు. ఎడిటర్ టైటిల్స్ తరవాత అంటున్నాడు. డైరెక్టరు శవం కంటే ముందు అంటున్నాడు. కొడుకు మాత్రం, సినిమాలో పెట్టకపోయినా పర్లేదు, దాన్ని విడిగా తన ఫోన్‌లో వెయ్యమని అడిగి తీసుకున్నాడు.