వినికిడి ఉంది, పలుకు లేదు

అమెరికా హైవేల పక్కన లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో సీబీ రేడియోలు అమ్మి, బాగుచేసే చిన్న కొట్లు ఉండేవి. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. డ్రైవర్లు అక్కడికి మోసుకొచ్చే ఫిర్యాదుల్లో బాగా పాతది ఒకటుంది: "అందరి మాటా నాకు వినిపిస్తోంది, నా మాటే ఎవరికీ అందడం లేదు."

సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. 27 మెగాహెర్ట్‌జ్ దగ్గర కొన్ని చానళ్లను 1958లో అక్కడి ప్రభుత్వం మామూలు జనానికి వదిలింది. 1973 చమురు కొరత రోజుల్లో డీజిలు ఎక్కడ దొరుకుతుందో, పోలీసులు ఎక్కడ కాపు కాశారో చెప్పుకోవడానికి లారీవాళ్లు దీన్ని సొంతం చేసుకున్నారు. 1977లో 23 చానళ్లు 40 అయ్యాయి. ఏఎమ్‌లో అనుమతించిన పవర్ 4 వాట్లే. అంత కొంచెంలో దారిలో కాస్త కారిపోయినా మాట గమ్యం చేరదు.

అందుకే చేయి తిరిగిన మెకానిక్ రేడియో మూత వెంటనే విప్పడు. ముందు లారీ దగ్గరికి వెళ్తాడు. రిసీవర్‌కు ఓర్పెక్కువ, సగం తెగిన కేబుల్ మీద కూడా దగ్గర్లోని మాటలు పట్టేస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కు ఆ ఓర్పు లేదు. యాంటెన్నా సరిగ్గా లేకపోతే పంపిన పవర్‌లో కొంత వెనక్కి తిరిగి రేడియో మీదే పడుతుంది. ఆ తిరుగుటపాను ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూపిస్తుంది. 1.5 లోపుంటే నిశ్చింత, 2 దాకా ఫరవాలేదు, 3 దాటితే మైకు మీట నొక్కనివ్వరు. 1వ చానల్లోకన్నా 40వ చానల్లో అంకె ఎక్కువుంటే యాంటెన్నా పొడవెక్కువ, తిరగబడి ఉంటే పొట్టి. అన్ని చానళ్లలోనూ ముల్లు చివరికంటా పోతుంటే కేబుల్ షార్టయిందో తెగిందో, యాంటెన్నా కింద బాడీకి ఎర్తు అందడం లేదో చూడాలి. తుప్పు, వదులైన కనెక్టరు: సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా అంచనా.

తర్వాత అనుమానం మైకు మీద. రోజంతా లాగి, మెలితిప్పే ఆ చుట్టల తీగ మైకులోకి దూరేచోట లోలోపల తెగుతుంది, పైకి కనబడదు. తెలిసిన మంచి మైకు తగిలించి చూడటమే సులువు. అయితే నాలుగు పిన్నులూ చక్కగా దూరాయని మురిసిపోకూడదు. కంపెనీని బట్టి వాటి వైరింగు మారుతుంది.

ఇక మూత విప్పక తప్పని రేడియోలు. ఈ విద్యలో నాకు నచ్చే ఘట్టం ఇదే: పనిచేస్తున్న భాగాలను సాక్షులుగా నిలబెట్టి పనిచేయనిదాన్ని పట్టుకోవడం. యాంటెన్నా బదులు 50 ఓముల డమ్మీ లోడు తగిలించి మీట నొక్కుతారు. వాట్‌మీటరు 4 చూపించి, పక్క రేడియోలో మాట మాత్రం రాలేదనుకోండి, క్యారియర్, అంటే గొంతును మోసే రేడియో తరంగం, వెళ్తోంది, దాని మీద గొంతు ఎక్కడం లేదన్నమాట. చాలా ఏఎమ్ సెట్లలో వినేటప్పుడు స్పీకర్‌ను మోగించే ఆంప్లిఫయరే మాట్లాడేటప్పుడు గొంతును క్యారియర్ మీదికెక్కిస్తుంది. వినికిడి గట్టిగా ఉందంటే ఆ ఆంప్లిఫయర్ నిర్దోషి. బయటి హారన్ స్పీకర్ పెట్టి, స్విచ్చిని పీఏ వైపు, అంటే గాలిలోకి పంపకుండా నేరుగా స్పీకర్లో మోగించే వైపు, తిప్పి మాట్లాడితే గొంతు మోగిందా, మైకూ దాని తొలి ఆంప్లిఫయరూ కూడా బయటపడ్డట్టే. ఇక వెతకాల్సిన జాగా బోర్డులో ఓ మూలకు కుదించుకుపోతుంది. ఇంతసేపూ ఒక్క ట్రాన్సిస్టర్‌నూ పీకలేదు.

పాత 23 చానళ్ల సెట్లలో ఈ తర్కం ఇంకా ముచ్చటగా నడిచేది. వాటిలో చాలావాటికి 14 క్వార్ట్‌జ్ స్ఫటికాలు: ఆరు ఉమ్మడివి, నాలుగు వినడానికి, నాలుగు పంపడానికి. ఆరింటిని నాలుగింటితో జతకలిపి చానళ్లు పుట్టించేవారు. వినికిడి అన్నిటా బాగుండి, 1, 5, 9, 13 ఇలా ప్రతి నాలుగో చానల్లోనే పలుకు పోయిందంటే పంపే నాలుగింట్లో ఒకటి చచ్చినట్టు. 5 నుంచి 8 దాకా వరసగా వినికిడీ పలుకూ రెండూ పోతే ఉమ్మడి ఆరింట్లో ఒకటి. మీటరు ముట్టుకోకుండానే, చానళ్లు తిప్పి రోగం చెప్పేవారు.

క్యారియరే లేకపోతే చివరి ట్రాన్సిస్టర్‌ను, అంటే ఫైనల్‌ను, అనుమానిస్తారు. అయినా ముందు భూతద్దంతో టంకం చూస్తారు. లారీ కుదుపులకు బరువైన భాగాల కాళ్ల చుట్టూ, మైకు సాకెట్టు దగ్గర సన్నని ఉంగరంలాంటి పగుళ్లు వస్తాయి. ఫైనల్ మార్చాల్సివస్తే దాని వీపుకూ రేడియో బాడీకీ మధ్య అభ్రకం ముక్క మరవకూడదు. చాలావాటికి ఆ వీపే కలెక్టరు. అది నేరుగా బాడీకి తగిలితే సప్లై షార్టయి ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఫైనల్ పోవడానికి యాంటెన్నా ఎంత కారణమో, ‘ట్యూనప్’ మోజూ అంతే. గొంతు అదుపు తప్పకుండా కాచే లిమిటర్‌ను కత్తిరించి, పవర్ పెంచిస్తామని డబ్బు తీసుకునే కొట్లున్నాయి. అది చట్టవిరుద్ధం, పక్క చానళ్లకు నరకం. ఫైనల్ మీద కూడా భారమే. పైగా ఒకప్పుడు విరివిగా వాడిన మిత్సుబిషి 2ఎస్‌సీ1969 తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆ పేరు అచ్చేసిన నకిలీలు బజారులో బోలెడు. ఎరిగున్న మెకానిక్‌లు బోర్డు విరిగి మూలపడ్డ సెట్లను పారేయరు, వాటిలోంచి అసలైనవి ఊడదీసి దాచుకుంటారు.