యాత్రారచనకు చదువరి యెవరు?

యాత్రాచరిత్రలు మన సాహిత్యచరిత్రలయందు ఇంచుమించు ఉపేక్షింపబడినవి. కావ్యమునకు, నాటకమునకు, నవలకు ప్రకరణములు కేటాయించినవారు యాత్రారచనను ఒక పేరాతో సరిపుచ్చుచుందురు. చరిత్రకారులు దానిని ఆదరించిన మాట నిజమే. కాని వారికి కావలసినవి అందలి ధరలు, సుంకములు, దారులు. రచనను రచనగా పరీక్షించుట అరుదు. నేడు లక్షలకొలది తెలుగువారు విదేశములయందు నివసించుచున్నారు. వారిలో పలువురు సెలవు దొరకినప్పుడెల్ల చుట్టుప్రక్కల దేశములు తిరిగి, చూచినదానిని తెలుగున వ్రాయుచున్నారు. రచనలు పెరుగుచున్నవి, రచయితలు ఎదుగుచున్నారా? ఎదుగుదల యనగా నేమో తేల్చుకొననిదే ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఇందులకు మనకు గల తొలి ప్రమాణము ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసీగా నుండిన ఈయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా చూచి, తూర్పుతీరము వెంబడి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. ఈ పదునైదు నెలల వృత్తాంతమును ఆయన ఇంటికి వచ్చిన పిదప జ్ఞాపకము చేసికొని వ్రాసినది కాదు. దారిలోనే వ్రాసి, తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపుచుండెను. వీరాస్వామయ్య 1836లో గతించెను. గ్రంథము 1838లో అచ్చయినది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల ప్రకటించి మనకు అందుబాటులోనికి తెచ్చిరి.

ఈ గ్రంథమున మమ్ము ఆకర్షించినది చూచిన ప్రదేశముల సంఖ్య కాదు. ఊరు చేరగానే ఆయన చూచునది నీరు. పిదప బస, అంగళ్ళు, దొరకు వస్తువులు, చెల్లు నాణెములు. తిరుపతిని గూర్చి వ్రాయునపుడు దేవుని వైభవముతో తృప్తిపడక, దేవస్థానపు ఆదాయము కుంఫిణీవారికి చేరు సంగతిని కూడ గుర్తించెను. ఇట్టి వివరములు ఏల వచ్చినవి? ఎదుట ఒక చదువరి యున్నాడు గనుక. అతడు తెలివిగలవాడు, ఆత్మీయుడు. రేపు ఆ దారినే రాదగినవాడు. అట్టివానికి ‘అద్భుతము’ అని వ్రాసిన చాలదు. ఆ ఊరి బావినీరు ఉప్పనో తీపో చెప్పవలెను. పోను పోను ఈ మజిలీ వివరములతో బాటు ఆచారములు, మతములు, ఇంగ్లీషువారి దొరతనము ఏర్పడిన తీరు మున్నగువానిపై దీర్ఘవిచారములు చేరుచున్నవి. చూపు వస్తువునుండి వ్యవస్థకు సాగినది. మేము ఎదుగుదల యనునది దీనినే.

కాశి పరదేశము కాదుగదా యని ఆక్షేపింపవచ్చును. కృష్ణ దాటిన పిదప వేరు ప్రభుత్వము, వేరు నాణెము. ఆ కాలమున ఆ దూరము తక్కువది కాదు. సముద్రము దాటిన ఉదాహరణమే కావలెనన్న, ఇంగ్లండు చూచివచ్చిన పోతం జానకమ్మ గ్రంథమున్నది. కాని అది 1876లో ఆంగ్లమున వెలువడి ఆంగ్లపాఠకులను చేరినది. ఇంటనున్న చదువరికై వ్రాసిన రచనకు వీరాస్వామయ్యయే మనకు కొలబద్ద.

ఈ కొలబద్దతో నేటి ప్రవాసుల రచనలను చూచినచో ఒక లోపము స్పష్టముగా కనబడును. పరదేశమున కాపురమున్నవానికి చుట్టపుచూపుగా పోయినవానికి లేని భాగ్యమొకటి గలదు. అతిథి మంచును చూచి మురియును. నివాసి తెల్లవారక ముందే లేచి వాకిటి మంచును పారతో ఎత్తవలెను. రెండవ అనుభవమే రచనకు ముడిసరకు. అయినను మనవారు దానిని ఇంటనే విడిచి, సెలవులలో చూచిన కోటలను, జలపాతములను మాత్రమే వ్రాయుచున్నారు. విమానపు వేళలు, హోటలు వసతులు, వీథుల పరిశుభ్రత, దానివెంట స్వదేశనింద — ఇదియే వరుస. చదువరులు వేలమంది యున్నారు. కాని ఎదుట ఒక్కడును లేడు. కావుననే వ్రాతలో ప్రశంస యున్నది, సమాచారమున్నది, సంభాషణ లేదు.

సంభాషణ గల రచన మాకు మరియొకచోట కనబడినది. చెన్నపట్టణమునుండి పుత్తూరు మీదుగా తిరుపతికి వచ్చు త్రోవలో వడమాలపేట కలదు. ఈ సీమనుండి, పొరుగున కడప ప్రాంతమునుండి, బ్రతుకుతెరువునకై కువైటు మొదలగు దేశములకు పోయినవారు అనేకులు. వడమాలపేటలో ఒక యిల్లాలు తన భర్త కువైటునుండి వ్రాసిన జాబులను మాకు చూపినది. మొదటి జాబులలో క్షేమము, పంపిన సొమ్ము, అంతే. ఏడాది గడచునప్పటికి సముద్రపునీటిని మంచినీరుగ మార్చు సంగతి, శుక్రవారపు సంతలో బేరములు; మూడవయేట యజమాని యింటి వృద్ధురాలి ఒంటరితనము, తన యొంటరితనముతో దానిని పోల్చుకొనుట. యాత్రారచయితనని అతడెన్నడును అనుకొనియుండడు. ఆ జాబులను మడచి పెట్టెలో పెట్టుచు ఆమె “ఇందులో ఏముండాది సామీ, నీళ్ళు, ధరలు తప్ప?” అన్నది. కాశీయాత్రచరిత్రను తొలిసారి చదివిన మా విద్యార్థులును ఇంచుమించు ఈ మాటయే అనియుండిరి. వారికి అప్పుడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి.

ఇప్పుడు చెప్పగలము. నీరు, ధర అనునవి బ్రతుకు ఆనవాళ్ళు. పరాయిచోట వానిని గుర్తించి, ఇంటనున్న ఒక మనిషికి అర్థమగునట్లు చెప్పగలుగుటయే యాత్రారచనకు మొదటి మెట్టు. అక్కడి మనిషి లోపలి బాధ తెలియుట రెండవది. ఆ వెలుగులో తన్ను తాను చూచుకొనుట మూడవది. పాసుపోర్టులోని ముద్రల సంఖ్యకు ఈ మెట్లతో సంబంధము లేదు. సెలవులు గలవారు మొదటి మెట్టెక్కకయే గ్రంథములు వెలువరించుచుండ, సెలవులేని సేవకుడొకడు మూడవ మెట్టుపై నిలిచి, ఒక్క చదువరితో తృప్తిపడినాడు.

కావున ప్రవాసమున వ్రాయువారికి మా మనవి యొకటే: వడమాలపేటవంటి ఊరిలో తాము బాగుగా ఎరిగిన ఒక మనిషిని ఎదుట నిలుపుకొని వ్రాయుడు. తెలుగుశాఖలకు వేరొక మనవి: ఇట్టి జాబులను కుటుంబములవారి అనుమతితో సేకరించి భద్రపరచుట మన పరిశోధనలో భాగము కావలెను. ఇప్పుడు ఫోనులోని మాట గాలిలో కలిసిపోవుచున్నది; ఉన్న జాబులు పెట్టెలలో చెదలకు దొరకుచున్నవి. శ్రీనివాసపిళ్ళవంటి మిత్రుడు లేకున్నచో వీరాస్వామయ్య గ్రంథము మనకు దక్కెడిదో లేదో. ఆ పిళ్ళ పని నేడు మన వంతు.