తెలిసిన పేరు, పలకని నోరు: బ్రిటిష్ అపరాధ పరిశోధక నవల – నంద్యాల, ఆళ్లగడ్డ నేపథ్యం

బ్రిటిష్ అపరాధ పరిశోధక నవల పాఠకుడికి ఇచ్చే తృప్తికి మూలం చివరి అధ్యాయంలోని ఆశ్చర్యమేనని సాధారణంగా భావిస్తాం. అదే నిజమైతే అటువంటి నవలను రెండోసారి చదివేవారు ఉండకూడదు. హంతకుడెవరో తెలిసి కూడా అగాథా క్రిస్టీని మళ్లీ చదివేవారున్నారు. మలిపఠనంలో వారు పరీక్షించేది రచయిత్రి నిజాయితీని. ఆధారాలన్నీ కళ్లెదుటే ఉన్నాయా అని చూస్తారు. 1929లో రోనాల్డ్ నాక్స్ ప్రతిపాదించిన పది నియమాలలో కీలకమైంది ఇదే: డిటెక్టివుకు దొరికిన ఆధారాన్ని పాఠకుడికీ వెంటనే చూపాలి. దీని వెనుక ఒక ఊహ దాగి ఉంది. తెలియనిది హంతకుడి పేరు మాత్రమే. అది తెలిసిన మరుక్షణం చట్టం తన పని తాను చేసుకుపోతుంది.

ఈ ఊహను నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలకు తెచ్చి చూడాలి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లాగా ఏర్పడకముందు కర్నూలు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం దశాబ్దాలపాటు ఫ్యాక్షన్ కక్షలను చూసింది. కక్షహత్యలో చంపినవారు ఏ వర్గంవారో ఊరికి తెలియడం ఆ హత్య ఉద్దేశంలోనే ఉంటుంది. పేరు దాగితే భయం పుట్టదు. తెలుగు అపరాధ పరిశోధక నవల ఈ నేలను అంతగా ఆశ్రయించకపోవడానికి కారణాన్ని ఇక్కడి పాఠకుల అభిరుచిలో వెదకడం అన్యాయం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ మద్రాసు మనిషి. పక్కింటివాడి పేరు తెలియని మహానగరంలో అతని తెలివికి పని ఉంటుంది. ఊరందరికీ తెలిసిన పేరును కనిపెట్టడానికి యుగంధర్ ఎందుకు?

అలాగని బ్రిటిష్ సంప్రదాయం ఇక్కడ పూర్తిగా నిరుపయోగమని తేల్చడం తొందరపాటు. కానన్ డాయిల్ 1892లో ప్రకటించిన 'సిల్వర్ బ్లేజ్' కథలో రాత్రివేళ ఎవరో వచ్చి గుర్రాన్ని తోలుకుపోయినా కాపలా కుక్క మొరగదు. వచ్చినవాడు దానికి బాగా తెలిసినవాడని హోమ్స్ గ్రహిస్తాడు. తెలియకపోవడం వల్ల కాక తెలియడం వల్ల పుట్టిన మౌనమది. (పోలిక మౌనాల మధ్యే గాని మనుషులకూ జంతువుకూ మధ్య కాదని వేరే చెప్పనక్కరలేదు.) కక్షల పల్లెలోని మౌనానికీ ఇదే లక్షణం. పట్టపగలు నలుగురి మధ్య జరిగినదానికి సాక్షి దొరకడు. దొరికి పోలీసులకు చెప్పినా, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 161వ సెక్షన్ కింద నమోదైన ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. కోర్టులో అది స్వతంత్ర సాక్ష్యంగా నిలవదు. 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ సంఖ్య మారింది గాని ఈ పరిస్థితి మారలేదు. విచారణ నాటికి సాక్షి బోనులో నిలబడి 'చీకట్లో మొహాలు ఆనలేదు' అంటాడు.

ఈ మాట దగ్గర 1926 నాటి 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' గుర్తుకు రాక మానదు. ఆ కథకుడు కీలక ఘట్టంలో రాసిన వాక్యాలలో అబద్ధం వెదికినా దొరకదు. రెండు వాక్యాల నడుమ పది నిమిషాలు మాయమవుతాయి. అది మోసమని కొందరు నిందించారు. అందరినీ అనుమానించడం పాఠకుడి బాధ్యతేనని డరోతీ సేయర్స్ సమర్థించారు. నాకు సేయర్స్ వాదనే సబబుగా తోస్తుంది. సీమ సాక్షి మాటల్లోనూ ఇలాంటి ఖాళీలే ఉంటాయి. అయితే ఆ కథకుడు తనను తాను కాపాడుకోవడానికి వదిలేసినదాన్ని, ఈ సాక్షి తన పిల్లలు రేపు అదే దారిన బడికి వెళ్లాలి కనుక వదిలేస్తాడు. ఈ తేడాను పట్టుకోలేని నవల ఇక్కడి మౌనాన్ని పిరికితనంగా చిత్రించి చేతులు దులుపుకుంటుంది.

1948లో డబ్ల్యు. హెచ్. ఆడెన్ ఒక వ్యాసంలో డిటెక్టివ్ కథ తృప్తిని నిర్మలత్వపు పునఃస్థాపనతో ముడిపెట్టారు. హత్యకు ముందు ఆ సమాజం నిర్మలంగా ఉండేదన్నది ఆయన వాదానికి ఆధారం. కక్షల ఊరికి అటువంటి 'ముందు' లేదు. ప్రతి హత్యా వెనకటి హత్యకు జవాబు. హంతకుడి పేరు బయటపడడంతో అక్కడ ఏదీ తిరిగి కుదుటపడదు.

కాబట్టి ఈ నేల మీద పుట్టే అపరాధ పరిశోధక నవలలో హంతకుడి పేరు మొదటి పుటలోనే ఉండవచ్చు. పాఠకుడు చివరిదాకా వెదకవలసింది, ఆ పేరును నంద్యాల కోర్టు బోనులో పలికేదెవరన్నది. అప్పుడు ఆధారాల స్వభావం కూడా మారుతుంది. ఆ మనిషికి కె.సి. కాలువ కింద ఎంత పొలముంది, దానికి నీళ్లు వదిలేది ఏ వర్గంవాడు, కూతుర్ని ఏ ఊరికిచ్చాడు, అప్పు ఎవరి దగ్గర తెచ్చాడు అన్నవి తొలి అధ్యాయాలలోనే చూపాలి. నాక్స్ నియమం ఇక్కడ కోరే ఆధారాలు అవే.