రౌండ్లు పూర్తయ్యేదాకా

ఈ వారం అణైకట్‌లోని ఒక టీకొట్టు టీవీలో ఇద్దరు పార్టీ ప్రతినిధులు గొంతులు చించుకున్నారు. వేలూరు జిల్లా గాలి ఎటువైపన్నది చర్చ. అణైకట్ నియోజకవర్గంలోనే ఉన్న జవ్వాదు కొండ పల్లెల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఎన్నికల జోస్యాల మీద ఈ కాలమ్ కోపం పాఠకులకు పాతదే. 2016లో తమిళనాట చాలా ఎగ్జిట్ పోల్స్ డీఎంకేకు పట్టం కడితే, జయలలిత 134 స్థానాలతో గెలిచారు. 2018లో తెలంగాణలో లగడపాటి రాజగోపాల్ మొగ్గు మహాకూటమి వైపుందన్నారు. టీఆర్ఎస్‌కు 88 వచ్చాయి.

ఇక వేలూరు సంగతి. 2019 ఏప్రిల్ 18న జరగాల్సిన లోక్‌సభ పోలింగు, భారీగా నగదు పట్టుబడడంతో రెండు రోజుల ముందు రద్దయింది. మేలో రాష్ట్రంలో మిగిలిన 38 స్థానాల్లో డీఎంకే కూటమి 37 గెలిచింది. దాంతో ఆగస్టు 5న ఇక్కడ జరిగే పోలింగు లాంఛనమే అనుకున్నారు. తీరా 9న లెక్కింపు మొదలయ్యాక తొలి రౌండ్లలో జయలలిత పార్టీ రెండాకుల గుర్తు మీద నిలబడ్డ ఏ.సి. షణ్ముగం ముందంజ వేశారు.

ఇక్కడే లెక్కింపు తీరు తెలియాలి. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు మామూలుగా 14 బల్లలు వేస్తారు. బల్లకొక పోలింగ్ కేంద్రం యంత్రం వస్తుంది. వరస నంబర్ల ప్రకారం తెస్తారు కాబట్టి ఇరుగుపొరుగు ఊళ్ల ఓట్లు ఒకే రౌండులో పడతాయి. రెండు మూడు రౌండ్లంటే సెగ్మెంటులో ఒక మూల, అంతే. ఆ రోజు అణైకట్, గుడియాత్తం, కె.వి. కుప్పం షణ్ముగం వైపు మొగ్గాయి. వేలూరు, ఆంబూరు, వాణియంబాడి డీఎంకే అభ్యర్థి కదిర్ ఆనంద్‌ను గట్టెక్కించాయి. తేడా 8,141 ఓట్లు.

అలాగని జోస్యాలన్నీ ఆపేయాలా? ఈ వారం చర్చ విన్నాక ఆ మాట అనబుద్ధి కావడం లేదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరా సంస్థ వైసీపీకి 94 నుంచి 104 అంది, వచ్చినవి 11. కేకే సర్వే ప్రత్యర్థి కూటమికి 161 అంది, వచ్చినవి 164. ఇద్దరూ అంకె ముందే చెప్పారు. ఫలితాల రోజున జనం ఆ అంకెను పక్కన పెట్టుకుని తేల్చుకున్నారు.

టీవీ చర్చలో కూర్చున్నవారికి ఆ పరీక్షే లేదు. ఓడితే డబ్బు, గెలిస్తే ప్రజాతీర్పు అని మర్నాడు అదే కుర్చీలో కూర్చుంటారు. సర్వే సంస్థలు ఎందరిని, ఎక్కడ అడిగాయో, వెనకటి ఎన్నికల్లో తమ అంచనా ఎంత తప్పిందో అంకె పక్కనే వేయాలి. చానళ్లు కూడా తమ చర్చల్లో ఏ ప్రతినిధి ఎన్ని సీట్లన్నారో రాసిపెట్టి, లెక్కింపు ముగిసిన సాయంత్రం ఆ పట్టీని తెరమీద చూపాలి.