ముడి లేని కట్టు: ఫిషింగ్ రాడ్‌కు గైడ్లు బిగించే పద్ధతి

ఫిషింగ్ రాడ్ పొడవునా వరుసగా నిలబడి, రీలు నుంచి వచ్చే లైనును కొస దాకా నడిపించే ఉంగరాలే గైడ్లు. వెదురు కర్ర చివర దారం కట్టి చెరువుగట్టున కూర్చునే మన గాలానికి వీటితో పని లేదు. కర్ర పొడవు, దారం పొడవు కలిపి ఎంతో అంతే దాని అందుబాటు. రీలు వచ్చి, చేతిలోని లైను దూరానికి పారాల్సి వచ్చినప్పుడు గైడ్లు తప్పనిసరి అయ్యాయి. గైడ్ అడుగున ఒకటో రెండో పాదాలుంటాయి, సన్నని లోహపు నాలుకల్లాగా. ఆ పాదాన్ని రాడ్ మీద ఆనించి, పైనుంచి దగ్గర దగ్గరగా దారం చుట్టి, దారం మీద పూత పూస్తారు. చేత్తో రాడ్లు తయారుచేసే అమెరికా, ఇంగ్లండ్ పనివాళ్లు నూటయాభై ఏళ్లకు పైగా చేస్తున్నది ఇదే. కర్ర మారింది, దారం మారింది, పూత మారింది. కట్టు మాత్రం అలాగే ఉంది.

అలా నిలవడానికి పాతకాలపు మమకారం కారణం కాదు. రాడ్ వంగడానికి పుట్టింది, గైడ్ వంగదు. వంగేదాన్నీ వంగనిదాన్నీ కలిపే చోటే అసలు చిక్కంతా. మర బిగించాలని రంధ్రం వేస్తే రాడ్ సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఒట్టి జిగురుతో అతికిస్తే, రాడ్ వంగిన ప్రతిసారీ పాదం కొసన జిగురు చిట్లుతూ చివరికి ఊడివస్తుంది. దారం రాడ్‌కు గాయం చేయదు. అంగుళం పొడవు కట్టులో సన్న దారమైతే వందకు పైగా చుట్లు పడతాయి. లాగుడు ఏ ఒక్క చోటా పోగుపడకుండా వాటన్నిటి మధ్య పంచుకుపోతుంది. పైగా దారంలో కొంత సాగుడు ఉంటుంది కాబట్టి రాడ్‌తో పాటు కట్టు కూడా కాస్త కదులుతుంది.

తొలినాళ్లలో దారానికి ఇంకో పని కూడా ఉండేది. వెదురును నిలువునా చీల్చి, ఆరు త్రికోణపు బద్దలుగా చెక్కి, ఒకటిగా అతికించి రాడ్ చేయడం పందొమ్మిదో శతాబ్దపు విద్య. పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊరి తుపాకుల పనివాడు శామ్యూల్ ఫిలిప్ 1840ల్లో ఈ తరహా రాడ్లు చేశాడని చెబుతారు. మెయిన్ రాష్ట్రంలోని బాంగర్‌లో హైరమ్ లెనార్డ్ 1870ల్లో ఆరు బద్దల రాడ్లను వ్యాపారంగా నిలబెట్టాడు. ఆ వెదురు మన దేశం నుంచే వెళ్లేది. కలకత్తా రేవులో ఓడ ఎక్కేది కనుక అక్కడ దానికి కలకత్తా కేన్ అని పేరు. బద్దలను అతికించింది వడ్రంగుల వజ్రం బంక లాంటి జంతు జిగురు. తేమ తగిలితే అది మెత్తబడుతుంది. అందుకని గైడ్లు ఉన్నచోటే కాక, మధ్య మధ్యలో కూడా పట్టుదారంతో సన్నని కట్లు వేసేవారు. పాత రాడ్ల మీద గాజుల వరుసలా కనిపించే ఆ కట్లు అలంకారం కోసం వేసినవి కావు, బద్దలు విచ్చుకోకుండా పట్టి ఉంచేవి. మంచి జిగుర్లు వచ్చాక వాటి పని తీరిపోయింది. కలకత్తా వెదురు స్థానంలోకి చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టోంకిన్ వెదురు వచ్చింది. 1950లో చైనాతో వ్యాపారాన్ని అమెరికా నిషేధించడంతో అదీ అందకుండా పోయి, అప్పటికే బజారులోకి వచ్చిన ఫైబర్‌గ్లాస్ రాడ్లకు దారి సుగమమైంది. 1970ల్లో కార్బన్ రాడ్లు వచ్చాయి. గైడ్లు బిగించే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు.

కట్టు మొదలుపెట్టే ముందు గైడ్ల చోటు తేల్చాలి. అడుగుకొక గైడ్, పైన మరొకటి అన్నది పాత లెక్క. తొమ్మిదడుగుల ఫ్లై రాడ్‌కు పది దాకా వస్తాయి. అయితే ఈ లెక్క పని మొదలుపెట్టడానికే తప్ప ముగించడానికి పనికిరాదు. గైడ్లను టేపు ముక్కలతో తాత్కాలికంగా నిలిపి, లైను ఎక్కించి, కొసకు బరువు కట్టి రాడ్‌ను బాగా వంచి చూస్తారు. లైను రాడ్ వంపును అనుసరించి పోవాలి. రెండు గైడ్ల మధ్య లైను అల్లెతాడులా వంపును విడిచి అడ్డంగా పోతుంటే అక్కడ గైడ్లు దగ్గర కావాలి. కొస వైపు వంపు ఎక్కువ కాబట్టి అక్కడ గైడ్లు ఒత్తుగా, పిడి వైపు పలచగా పడతాయి. రాడ్ గొట్టానికి ఒక పక్క బిగువు ఎక్కువ ఉంటుంది. గైడ్లను దాన్ని బట్టే అమర్చాలని ఒక తరం పట్టుబట్టింది. ఇప్పటి పనివాళ్లలో చాలామంది గొట్టం నిటారుగా కనిపించే వైపు చూసుకుని గైడ్లు పెట్టేస్తున్నారు. వాడుకలో తేడా తెలియడం లేదన్నది వాళ్ల వాదన, అందులో నిజం లేకపోలేదు.

తర్వాతి పని చిన్నది, కానీ కొత్తవాళ్లు వదిలేసేది ఇదే. కొన్న గైడ్ పాదం కొస సాధారణంగా మొద్దుగా ఉంటుంది. దారం రాడ్ మీద నుంచి పాదం మీదికి ఎక్కేటప్పుడు ఆ మెట్టు దగ్గర జారి సందు వదులుతుంది. ఆకురాయితో పాదం పైభాగాన్ని కొస వైపు ఏటవాలుగా, కత్తి అంచంత పలచగా అరగదీయాలి. అడుగుభాగం చదునుగా ఉందో లేదో చూడాలి, అంచులో మిగిలిన లోహపు ముళ్లను గరుకు కాగితంతో తుడిచేయాలి. కార్బన్ గొట్టం లాగుడును ఎంతైనా తట్టుకుంటుంది, గీతను మాత్రం తట్టుకోదు. పాదం అంచు గీరిన చోట నుంచే తర్వాతెప్పుడో పెద్ద చేప పడ్డ రోజున అది పుటుక్కుమంటుంది.

ఇక చుట్టడం. రాడ్‌ను రెండు పంగ కొయ్యల మీద అడ్డంగా పెట్టి రెండు చేతులతో తిప్పుతుంటే దారం కండె నుంచి బిగువుగా వచ్చి చుట్టుకుంటుంది. బిగువు కోసం పరికరాలు దొరుకుతాయి. అవి లేనివాళ్లు కండెను గ్లాసులో వేసి, దారాన్ని ఒక లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాక్కుంటారు. బిగువు పెంచాలంటే మీద మరో పుస్తకం పెడితే సరి. పాదం కొసకు రెండు మూడు మిల్లీమీటర్ల ముందే దారం మొదలవుతుంది. దారం కొసను రాడ్ వెంట పడుకోబెట్టి, తొలి చుట్లను దాని మీదుగానే వేస్తారు. అయిదారు చుట్లు పడేసరికి కొస కదలకుండా చిక్కుకుంటుంది. మిగిలిన తోకను బ్లేడుతో కోసేస్తారు. అక్కడి నుంచి చుట్టు పక్కన చుట్టు, పాదం వాలు ఎక్కుతూ, ఉంగరాన్ని నిలబెట్టే కాలు దాకా సాగుతుంది.

ముగింపులోనే ఈ విద్యలోని అందం ఉంది. ఇంకా ఏడెనిమిది చుట్లు మిగిలి ఉండగా, వేరే దారంతో చేసిన ఒక ఉచ్చును రాడ్ మీద పెట్టి, మిగతా చుట్లను దాని మీదుగా వేస్తారు. చివరి చుట్టు అయ్యాక దారాన్ని తెంపి, ఆ కొసను ఉచ్చులో దూర్చి, ఉచ్చు రెండు తోకలనూ పట్టి లాగుతారు. ఉచ్చు బయటికొస్తూ దారం కొసను చుట్ల కిందికి ఈడ్చుకుపోతుంది. దాన్ని బిగదీసి మొదలంటా కోస్తే కట్టుకు ఆద్యంతాలు కనబడవు. మొత్తం మీద ముడి అన్నదే లేదు. పడవ తాడును గుంజకు నాలుగు చుట్లు తిప్పి ఒంటి చేత్తో పట్టుకోగలిగే రాపిడి బలమే ఇక్కడా పనిచేస్తుంది. చుట్టు చుట్టుకూ ఆ పట్టు కూడికగా కాక హెచ్చింపుగా పెరుగుతుంది. ముడి వేస్తే ఉబ్బు వస్తుంది, పూత కింద అది ఎత్తుగా కనబడుతుంది. కట్టు పూర్తయ్యాక నున్నని పుల్లతోనో చెంచా వీపుతోనో రుద్దితే సందులు మూసుకుంటాయి.

ఎంత బిగించాలన్న దానికి అంకె చెప్పడం కష్టం. బొటనవేలితో నొక్కితే గైడ్ కాస్త పక్కకు జరగాలి, వదిలేస్తే జరిగిన చోటే ఉండాలి. అన్ని గైడ్లూ కట్టాక రాడ్‌ను కంటికి ఆనించి, గొట్టంలో చూసినట్టు ఉంగరాలన్నీ ఒక గీత మీద ఉన్నాయో లేదో చూసి సరిచేసుకోవడానికి ఆ వెసులుబాటు కావాలి. ఎంత బిగిస్తే అంత గట్టి అనుకోవడం పొరపాటు. అతిగా బిగిస్తే పాదం గొట్టంలోకి నొక్కుకుంటుంది. కదలకుండా చివరికి పట్టి ఉంచేది పూత కూడా కాబట్టి దారం మీదే భారమంతా వేయనక్కర్లేదు.

ఒంటి పాదం గైడ్లకు బరువు తక్కువ, కానీ ఒక వైపే పట్టు ఉండడం వల్ల ముందుకు జారిపోయే ప్రమాదం ఉంది. దానికి మందుగా దారాన్ని ఉంగరం కాలు వెనక నుంచి ముందుకు దాటించి, అవతల నాలుగైదు చుట్లు వేసి ముగిస్తారు. పెద్ద సముద్రపు చేపలకు వాడే బరువైన రాడ్లకు పాదం కింద కూడా ముందుగా ఒక పొర దారం చుట్టి, గైడ్‌ను దాని మీద కూర్చోబెడతారు. తేలిక రాడ్లకు ఆ అడుగు పొర దండగ. అది అందానికి వేసుకునేదే.

దారం రంగు కూడా పనిలో భాగమే. పట్టుదారం వార్నిష్ తాగితే రంగు దిగి పారదర్శకమవుతుంది. తెల్ల పట్టు దాదాపు మాయమై కింద వెదురు కనిపిస్తుంది. నైలాన్ దారానికీ ఈ గుణం ఉంది, పూతగా వేసే ఎపాక్సీ తగలగానే ముదురుతుంది. రంగు అలాగే ఉండాలంటే ముందుగా ఒక రక్షక ద్రవం పూయాలి, లేదా రంగు చెదరని రకం దారం కొనుక్కోవాలి. న్యూయార్క్ ఇంజనీరు ఎవరెట్ గ్యారిసన్ వెదురు రాడ్లలో కట్లు ఉన్నాయా లేవా అన్నట్టు తేలికగా కనిపిస్తాయి. ఆయన పద్ధతిని స్టార్‌డస్ట్ పాట స్వరకర్త కొడుకు హోగీ కార్మైకేల్ 1977లో పుస్తకంగా వెలువరించాడు. చీల్చిన వెదురు రాడ్లు చేసేవాళ్లకు నేటికీ అదే పెద్దబాలశిక్ష.

పూత విషయంలో ఓపిక తప్ప వేరే రహస్యం లేదు. ఎపాక్సీ రెండు భాగాలనూ వేరు వేరు సిరంజిలతో సమంగా కొలవాలి. కొలత తప్పితే ఎన్నాళ్లయినా జిగట పోదు. బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపి, వెడల్పాటి రేకు మీద పలచగా పోస్తే ఉన్న బుడగలు కూడా పైకి తేలి పగులుతాయి. తొలి పూత దారంలోకి ఇంకాలి. పాదం పక్కన దారం, రాడ్ కలిసే మూలలో సన్నని సొరంగం లాంటి ఖాళీ ఉంటుంది. పూత దాన్ని నింపకపోతే ఉప్పునీరు చేరి పాదం తుప్పు పడుతుంది. పూత ఒక పక్కకు కారిపోకుండా రాడ్‌ను చిన్న మోటారుతో గంటల తరబడి మెల్లగా తిప్పుతూనే ఉంచుతారు. అంగడి రాడ్ల మీద కట్లు ఈతకాయల్లా ఉబ్బి నిగనిగలాడుతుంటాయి. చూపుకు బాగున్నా, కొస దగ్గర ఆ గ్రాముల బరువు రాడ్ చురుకును తినేస్తుంది. చేత్తో చేసేవాడు పలచని పూతలు రెండు వేసి ఆపుతాడు.

కొసన ఉండే ఉంగరానికి మాత్రం ఈ కట్టు ఉండదు. అది చిన్న గొట్టంలా కొసకు తొడుగుతుంది. వేడికి కరిగే జిగురుతోనే దాన్ని అతికిస్తారు, దెబ్బతింటే కాస్త వేడిచేసి తీసి వేరేది పెట్టవచ్చు కాబట్టి. మిగతా గైడ్లనూ మార్చవచ్చు. పాదం మీద, లోహం ఉన్న చోటే, బ్లేడుతో దారాన్ని నిలువునా చీల్చి, వేడి చూపించి పూతను మెత్తబరిచి వలిచేస్తారు. బ్లేడు రాడ్‌ను తాకకూడదు. పాత వెదురు రాడ్లలో గైడ్ ఊడి పోయి ఉంటే, దాని చోటు వెతకడం కూడా కష్టం కాదు. ఏళ్ల తరబడి దారం కింద ఎండ తగలని వెదురు చుట్టుపక్కల కన్నా లేతగా ఉండిపోతుంది. బాగుచేసేవాళ్లు ఆ లేత పట్టీని కొలిచి, అంతే పొడవున కొత్త కట్టు వేస్తారు.