పాత 411, కొత్త 450: దూరాలకు ఏ హిమాలయన్?

లడఖ్ దాకా పోదామనుకునేవారైనా, చలికాలంలో లంబసింగి చూసొస్తే చాలనుకునేవారైనా, లగేజీ కట్టుకుని తిరగడానికి బండి వెతికేటప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ దగ్గర ఒకసారి ఆగుతారు. ఇప్పుడు షోరూమ్‌లో ఉన్నది 450. 2016లో మొదలై 2023తో తయారీ ముగిసిన 411 కావాలంటే సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోవాలి. పేరు ఒకటే గానీ ఇంజనూ ఫ్రేమూ నడకా అన్నీ వేరు. ధర చూసి పాతదానికో, మెరుపు చూసి కొత్తదానికో ఓటేసేవాళ్లే ఎక్కువ. దూరప్రయాణం అనే ఒక్క పనికి ఏది ఎంత అక్కరకొస్తుందన్నదే ఇక్కడ గీటురాయి.

ముందు డబ్బు సంగతి. 2023 నవంబర్‌లో 450 వచ్చినప్పుడు ప్రారంభ ధర 2.69 లక్షలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన మోటార్‌సైకిళ్ల మీద జీఎస్టీ 40 శాతమైంది. అంతకుముందు సెస్‌తో కలిపి 31 శాతం ఉండేది. దాంతో 450 ఎక్స్ షోరూమ్ ధరే మూడు లక్షలు దాటింది. లైఫ్ ట్యాక్స్, ఐదేళ్ల తప్పనిసరి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కలిపితే రోడ్డెక్కేసరికి మూడున్నర పైమాటే. మరోపక్క, బాగా చూసుకున్న బీఎస్ 6 రకం 411 లక్షన్నరకు అటూఇటూగా దొరుకుతుంది. ఇద్దరు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకానికి జీఎస్టీ లేదు. మొదటి ఓనరు కట్టిన లైఫ్ ట్యాక్స్‌ను అదే రాష్ట్రంలో మళ్లీ కట్టనక్కర్లేదు. అంటే పాత బండికి ఇచ్చే డబ్బంతా బండికే పోతుంది. కొత్తదాని విషయంలో పెద్ద వాటా ఖజానాకు పోతుంది, అమ్మేటప్పుడు అది తిరిగి రాదు.

విలువ తరుగుదలను ఇన్సూరెన్స్ కంపెనీలు లెక్కగట్టే పద్ధతి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఆరు నెలల లోపే 5 శాతం, ఏడాదికల్లా 15, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50 శాతం కోత. రెండు మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటున్నవారు ఈ కోతను ప్రతిసారీ తామే భరిస్తారు. పదేళ్లు ఉంచుకునేవారికి ఇది పెద్ద నష్టం కాదు, ఏడాదికింత అని సర్దుకుపోతుంది. కనుక కొనేముందు జేబు ఎంత లోతో చూసుకోవడం కన్నా, బండిని ఎన్నాళ్లు ఉంచుకుంటామో తేల్చుకోవడం ముఖ్యం.

ఇక నడక. 411ది ఆయిల్ కూలర్ తోడున్న ఎయిర్ కూల్డ్ ఇంజను, ఐదు గేర్లు, పాతిక లోపు హార్స్‌పవర్, 32 ఎన్ఎం టార్క్. 450ది రేడియేటరున్న లిక్విడ్ కూల్డ్ ఇంజను, ఆరు గేర్లు, 40 హార్స్‌పవర్, 40 ఎన్ఎం. కాగితం మీద పోటీయే లేదు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వైపు 44వ నంబరు హైవే మీద 411 ఎనభై తొంభై దగ్గర హాయిగా సాగుతుంది. వంద దాటితే హ్యాండిల్‌లో, ఫుట్‌పెగ్‌లలో వణుకు మొదలవుతుంది. లారీని దాటాలంటే ముందే లెక్కేసుకోవాలి. 450 ఆరో గేరులో నూటపది దగ్గర కూడా నింపాదిగానే ఉంటుంది.

అయితే 2018లో కేంద్రం నోటిఫై చేసిన పరిమితుల ప్రకారం నాలుగు లైన్ల హైవేల మీద మోటార్‌సైకిల్ గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. 411 సుఖంగా పోయే వేగం సరిగ్గా అక్కడే ఉంది. కాబట్టి 450 బలం గరిష్ఠ వేగంలో లేదు. వెనక మనిషీ, రెండు పక్కలా సామానూ ఉన్నప్పుడు కూడా ఓవర్‌టేక్‌కు శక్తి మిగిలి ఉండడంలో ఉంది. మెరుగైన బ్రేకులు, షోవా సస్పెన్షన్, 15 లీటర్ల బదులు 17 లీటర్ల ట్యాంకు కూడా దాని పక్షాన నిలుస్తాయి.

ఘాట్ ఎక్కితే తూకం మారుతుంది. 411 టార్క్ నాలుగు వేల ఆర్‌పీఎం దాటేసరికే పూర్తిగా అందుతుంది. 450ది అందాలంటే ఐదున్నర వేలకు చేరాలి. మారేడుమిల్లి, చింతూరు మధ్య మలుపుల్లో 411ను రెండో గేరులో వదిలేస్తే తన దారిన తాను లాక్కుపోతుంది. 450 అదే మలుపుల్లో గేరు మార్చమని అడుగుతూ ఉంటుంది, మార్చితే మాత్రం ఉరుకుతుంది. సీటు ఎత్తు 411లో 800 మిల్లీమీటర్లు, 450లో 825. అయిదున్నర అడుగుల లోపు ఎత్తున్నవారికి గులకరాళ్ల మీద బండి ఆపినప్పుడు ఆ పాతిక మిల్లీమీటర్ల తేడా కాలికి తెలుస్తుంది. బరువులో రెండూ ఇంచుమించు సమానం, రెండు వందల కిలోలకు కాస్త తక్కువ.

టూరింగ్ బండికీ రోజూ ఆఫీసుకు వెళ్లే బండికీ తేడా ఎక్కడంటే, టూరింగ్ బండి ఆగితే ఇంటికి ఐదొందల కిలోమీటర్ల దూరంలో ఆగుతుంది. కొత్తదానికి వారంటీ ఉంటుంది, కానీ బండి సర్వీస్ సెంటర్ దాకా చేరాలి. 411 ఇంజను రెండే వాల్వులున్న సాదా కట్టడం, రేడియేటరు లేదు. చిన్న ఊరి బుల్లెట్ మెకానిక్ కూడా ధైర్యంగా చెయ్యి పెడతాడు. తయారీ ఆగిందన్న బెంగ కూడా అంతగా అక్కర్లేదు. అదే ఇంజనుతో స్క్రామ్ 411 కూడా నడిచింది కాబట్టి విడిభాగాలకు గిరాకీ పోలేదు.

411కు ఓటు వేసేముందు ఏ 411 అన్నది చూడాలి. 2016 నాటి తొలి బండ్లు కార్బురేటర్‌వి, వాటి మీద ఫిర్యాదులు బాగానే వచ్చాయి. 2017లో ఫ్యుయల్ ఇంజెక్షన్, 2018లో ఏబీఎస్, 2020లో బీఎస్ 6 ఇంజనుతో పాటు వెనక ఏబీఎస్‌ను ఆపుకునే వీలు వచ్చాయి. 2021 నుంచి 2023 దాకా వచ్చినవి మేలు.

ఓడోమీటరు అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. సర్వీసు బిల్లులతో సహా నలభై వేలు హైవే మీద తిరిగిన బండి, ఎనిమిది వేలు తిరిగి ఏళ్ల తరబడి సెల్లారులో పడున్న బండి కన్నా నయం. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో పట్టినట్టుంటే కోన్‌సెట్ పోయినట్టే. ఫోర్కుల మీద ఆయిల్ జిడ్డు, స్ప్రాకెట్ పళ్ల అరుగుదల, స్పోకుల బిగువు చూడండి. టైరు మీద నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మీ చేత్తో స్టార్ట్ చేయండి.

కాగితాల దగ్గర తొందర పనికిరాదు. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లన్నీ టీజీ నంబరుతో వస్తున్నాయి గనుక మీకు దొరికే 411 దాదాపు టీఎస్‌దే అవుతుంది. కర్ణాటకదో మహారాష్ట్రదో చవగ్గా వస్తోందంటే ఎన్ఓసీ, మళ్లీ లైఫ్ ట్యాక్స్ లెక్కలోకి తీసుకోండి, ఆ చవక అక్కడే హరించుకుపోతుంది. లోను తీరినట్టు ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 సంతకాలు ఉండాలి. పెండింగ్ చలాన్లు ముందే చూసుకోండి. బదిలీ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్సూ మీ పేరుకు మార్పించుకోండి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత ఓనరుదే, బండితో రాదు.

నా తీర్పు ఇది. ఏడాదిలో పదివేల కిలోమీటర్లకు పైగా, తరచూ ఇద్దరు కలిసి హైవేల మీద తిరిగేవారు, బండిని ఎనిమిది పదేళ్లు ఉంచుకునేవారు కొత్త 450 కొనడమే సబబు. ఆ అదనపు శక్తిని వారు నిజంగా వాడుకుంటారు. సెలవులు దొరికినప్పుడు రెండు మూడు టూర్లు వేసేవారికి, ఇది మొదటి టూరింగ్ బండి అయినవారికి, సొంత రాష్ట్రపు నంబరున్న, ఒకే ఓనరు చేతిలో నడిచిన బీఎస్ 6 రకం 411 చాలు. చేతిలో మిగిలే రెండు లక్షల్లో పాతిక వేలు పక్కన పెట్టి టైర్లు, చైన్ సెట్టు, కోన్‌సెట్ ముందే మార్పించండి. మంచి హెల్మెట్, జాకెట్ కొనుక్కోండి. మిగతాది పెట్రోలుకు ఉంచుకోండి. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లే ఓపిక లేనివారు మాత్రం పాతదాని జోలికి పోవద్దు. వారికి ఖరీదైనా కొత్తదే క్షేమం.